సజ్జ కింద చెప్పు

డెబ్బైల చివర్లో ఒకరోజు అఫ్జల్‌గంజ్ బస్‌స్టాప్ గోడమీద ఫొటోల ఎగ్జిబిషన్ పోస్టర్ చూశాను. కొత్త తరహా కాంక్రీటు భవనాల ఫొటోలట. పోస్టర్‌లో ఉన్న బిల్డింగును మా ఇంట్లో ఎవరైనా గుర్తుపడతారు. మా బాపు సెంట్రింగ్ పని చేసింది దానికే, కాలు విరగ్గొట్టుకున్నదీ అక్కడే.

ఆ కాలు గురించి గౌలిపురలో మా ఇంట్లో ఏళ్ల తరబడి ఒకటే లొల్లి. ఆ బిల్డింగు కట్టేటప్పుడు దిష్టి తగలకుండా అమ్మ తన తెగిన చెప్పును పై అంతస్తు సజ్జకు కట్టింది. ఫొటో తీసేవాళ్లు వచ్చిన రోజు, ముందువైపు ఏమీ వేలాడకూడదని కాంట్రాక్టర్ దాన్ని తీసేయమని బాపుకు చెప్పాడు. ఆ సాయంత్రమే బాపు వెనకవైపు పరంజా మీదనుంచి పడ్డాడు. చెప్పు తీసినందుకే పడ్డాడని అమ్మ. తీయనే లేదని బాపు. అమ్మ నమ్మితే కదా! కూరలో ఉప్పెక్కువైందని బాపు అన్నా, మాట తిరిగి తిరిగి చెప్పు దగ్గరికే వచ్చేది.

ఇద్దరినీ వెంటబెట్టుకుని ఎగ్జిబిషన్‌కు వెళ్లాను. హాలు నిండా తెల్లగోడలు, పదునైన నీడలు. ఒక్క ఫొటోలోనూ మనిషి లేడు, ఆరేసిన బట్ట లేదు. ఇళ్లలో మనుషులుంటారని ఆ ఫొటోగ్రాఫర్‌కు ఎవరూ చెప్పినట్టు లేదు. అందంగానే ఉన్నాయి, కాదనను. అయినా నాకు కోపం వచ్చింది. కట్టినవాళ్లందరినీ పక్కకు జరిపి తీసిన అందం అది.

మా బిల్డింగ్ ఫొటో గోడంత ఉంది. అమ్మ ముక్కు ఆనేంత దగ్గరికి వెళ్లి పై సజ్జను వెతికింది. దాని కింద నీడలో, చిన్నగా, నల్లగా, చెప్పు వేలాడుతోంది.

“తీయమన్నరు గదా. ఎందుకు తీయలే?” అంది అమ్మ.

“నువ్వు కడితివి. ఎట్ల తీస్త? జర నీడకు జరిపిన,” అన్నాడు బాపు.

గెలిచినవాడి గొంతు కాదది. అమ్మ ముఖం మాత్రం పాలిపోయింది. ఇన్నేళ్లూ నెపం వేయడానికి ఆమెకు ఆ చెప్పు ఉండేది. ఇప్పుడు అదీ పోయింది.

“గట్లయితే మరి ఎట్ల పడ్డవ్?” అని మెల్లగా అడిగింది.

బాపు కర్ర మీద బరువు మార్చుకున్నాడు. “అది ఉండబట్టే గదనే, కాలుతోని పోయింది. తలకొచ్చింది తలపాగతోని పోయిందనుకో.”

దిష్టీ గిష్టీ బాపు ఎన్నడూ నమ్మినవాడు కాదు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇంటికొచ్చాక, ఏం చూసొచ్చారని పక్కింటామె అడిగింది. “మా ఆయన కట్టిన బిల్డింగ్. అండ్ల నా చెప్పు గూడ ఉన్నది. పెద్ద పెద్దోళ్లు నిలబడి చూస్తున్నరు,” అంది అమ్మ.

మర్నాడు కూరలో ఉప్పెక్కువైందని బాపు అన్నాడు. అమ్మ ఇంకో గరిటెడు అన్నం వడ్డించింది.