ఎటు అత్తయ్య

ప్రతి ఉదయం కూరల బజారు షట్టర్లు లేచే వేళకి ఎటు అత్తయ్య ఆ భవనంలోకి వచ్చి, గొడుగు దులిపి, ఎదురుపడిన మనిషిని ఆపి అడిగేది: "నాయనా, లైబ్రరీకి ఎటు పోవాలి?"

ఇందులో వింతేముంది అనిపించవచ్చు. అది ఏడంతస్తుల భవనం. కింద కూరలూ చేపలూ, ఆపైన తిండి కొట్లు, ఆసుపత్రి, పసిపిల్లల్ని చూసుకునే గది, వార్డు ఆఫీసు, లైబ్రరీ, అన్నిటికీ పైన పెద్ద హాలు. చోటు చాలని నగరం ఒక ఊరిని మడతపెట్టి నిలబెట్టినట్టుండేది. జనం దాన్ని నిలువూరు అనేవారు. అందులో దారి తప్పడం విశేషమేమీ కాదు. విశేషమల్లా, దాని ప్లాను గీసింది ఎటు అత్తయ్యే. ప్లానింగ్ ఆఫీసులో పనిచేసిన రోజుల్లో ప్రతి మెట్టూ, ప్రతి గుమ్మమూ, ఆఖరికి చీపుళ్ళు పెట్టుకునే అర కూడా ఆవిడే గీసింది. రిటైరయ్యాక పక్క టవర్లోనే కాపురం. కన్నతల్లి వచ్చి, మా బిడ్డ పేరేమిటమ్మా అని పక్కింటివాళ్ళని అడిగినట్టుండేది వ్యవహారం.

దీనివల్ల అందరికంటే ఎక్కువ నలిగిపోయినవాడు మేనేజరు. అసలే అలసిపోయిన మనిషి. లిఫ్టు ఆగితే ఆయనే, పైపు కారితే ఆయనే, చేపల వాసన లైబ్రరీదాకా పోతే అదీ ఆయన తప్పే. ఆ నగరం ఉక్కలో ఆయన చొక్కా ఆరగా చూసినవాళ్ళు లేరు.

బదిలీ మీద వచ్చిన మొదటిరోజే అత్తయ్య ఆయన్ని పట్టుకుంది. "బాబూ, లైబ్రరీకి ఎటు?" ఆయనకి తెలియదు. మేనేజరై ఉండి తెలియదనడానికి నామోషీ. "రండమ్మా" అని ముందు నడిచాడు. చేపల బజారులోకి తీసుకెళ్ళాడు. వ్యాయామం చేసేవాళ్ళ మధ్యకి తీసుకెళ్ళాడు. నీళ్ళ మోటారు గదిలోకి కూడా తీసుకెళ్ళాడు. ఆవిడ ఎక్కడా నోరెత్తలేదు, గొర్రెపిల్లలా వెనకే నడిచింది. చివరికి ఎలాగో లైబ్రరీ తలుపు కనబడితే, "పోనీలే నాయనా, ఒక్క ప్రశ్నకి భవనమంతా చూపించావు, చల్లగా ఉండు" అని దీవించి లోపలికి పోయింది. ఇంకోసారి ఇలా దొరికిపోకూడదని ఆయన ఆ వారమంతా మెట్లెక్కి దిగి, గదిగదీ నేర్చుకున్నాడు.

అంతా నేర్చుకున్నాక లిఫ్టు నడిపేవాడు చల్లగా చెప్పాడు. "ఆవిడే గీసింది సార్."

"ఏం గీసింది?"

"ఇదే. మీరు నుంచున్నది."

మేనేజరు గోడకి ఆనుకున్నాడు. ఆనుకున్న గోడ కూడా ఆవిడ గీసిందేనని గుర్తొచ్చి మళ్ళీ నిటారుగా నిలబడ్డాడు.

పెద్దావిడకి మతిమరుపు కాబోలు, పాపం అనుకుని బాణం గుర్తుతో బోర్డు పెట్టించాడు. మర్నాడు ఆవిడ సరిగ్గా ఆ బోర్డు కిందే నిలబడి, పూలమొక్కలకి నీళ్ళు పోసేవాణ్ణి అడిగింది.

"అత్తయ్యా, మీ తల మీదే ఉంది బోర్డు" అన్నాడు మేనేజరు.

"ఉందా నాయనా? మంచి బోర్డే. కానీ, ఎలా ఉన్నారని అడగదు కదా."

ఇంకా పెద్ద బోర్డు పెట్టించాడు. ఎర్ర బాణం, పచ్చ బాణం వేయించాడు. నేలమీద పసుపు రంగుతో అడుగులు వేయిస్తే, ఊడ్చే ఆవిడ మురికనుకుని సగం దాకా తోమేసింది. మిగిలిన అడుగులు మూడో అంతస్తులో గోడకెదురుగా ఆగిపోయాయి, నడిచినవాడు గోడలోకి వెళ్ళిపోయాడా అన్నట్టు. అత్తయ్య మాత్రం యథాప్రకారం అడుగుతూనే ఉంది.

మూడో అంతస్తులో ఒక మలుపుండేది. తిన్నగా పోవలసిన వరండా అక్కడ పనిగట్టుకుని వంకర తిరిగి, ఫ్యాన్ల కింద నాలుగు బెంచీల చుట్టూ పోయేది. ఆసుపత్రికి పోవాలన్నా, పిల్లల్ని దింపాలన్నా ఆ బెంచీల ముందునుంచే పోవాలి. కాలువ గట్టు సందుల్లోని ఇళ్ళు కూల్చి, అక్కడి సంసారాల్ని పక్క టవర్లలోకి మార్చారు. వాళ్ళు వచ్చి ఆ బెంచీల అంచున కూర్చునేవారు, బండొస్తే లేచిపోవాలన్నట్టు.

అలా వచ్చినవాళ్ళలో ఒక సంచీ వదిన ఉండేది. లిఫ్టంటే భయం. సంచీ ఒళ్ళో పెట్టుకుని పెదవి విప్పకుండా కూర్చునేది. అత్తయ్య ఆవిణ్ణీ వదల్లేదు.

"అమ్మాయ్, లైబ్రరీకి ఎటు?"

"నాకు తెలీదమ్మా. నేనీ చోటిదాన్ని కాను."

మర్నాడు మళ్ళీ అదే ప్రశ్న. ఆ మర్నాడూ అదే. చివరికి సంచీ వదిన విసుగ్గా లేచింది. "నిన్ననే కదా అడిగావు, మళ్ళీ మరిచావా? నీకోసం పొద్దున్నే కనుక్కొచ్చాను. రా, లిఫ్టంటే నాకు భయం, చెయ్యిలా ఇవ్వు." ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని పోతుంటే మేనేజరు చూసి, ఈవిడగారు ఉన్నవాళ్ళ ప్రాణాలు చాలక కొత్తవాళ్ళవీ తోడేస్తోందని నిట్టూర్చాడు.

అక్కడితో ఆగితే బాగుండును. గీసినావిడే దారి తప్పుతోందన్న మాట పాకి పాకి పై ఆఫీసుకి చేరింది. పై అధికారి ఫోన్ చేశాడు. "ఆ మలుపు వల్లేనయ్యా ఈ గందరగోళమంతా. బెంచీలు పీకేసి, గోడ కట్టి, వరండా తిన్నగా చేద్దాం. వెనక చోటు పాత ఫైళ్ళకి పనికొస్తుంది. రేపొచ్చి చూస్తాను."

మేనేజరు అత్తయ్య దగ్గరికి పరిగెత్తాడు. ఆ బెంచీల మీద మధ్యాహ్నంపూట పదినిమిషాలు ఒళ్ళు వాల్చడం ఆయనకీ అలవాటైంది. "అత్తయ్యా, మీకు దణ్ణం పెడతాను. రేపొక్కరోజు ఎవర్నీ ఏమీ అడక్కండి. అడిగారో, మలుపు మూసేస్తారు."

ఆవిడ మొహం వాడిపోయింది. బెంచీల వైపు చాలాసేపు చూసింది. "అలాగే నాయనా. దేవుడి మీద భారం వేసి నోరు మూసుకుంటాను."

మర్నాడు జోరున వాన. పై అధికారి మెడ తుడుచుకుంటూ మూడో అంతస్తుకి వచ్చాడు. ఎటు అత్తయ్య కూడా వచ్చింది. గొడుగు దులిపింది. పెదవులు బిగించి, మాటిచ్చిన ప్రకారం ఊరికే నిలబడింది.

సంచీ వదిన చూసింది. "అయ్యో, ఇవాళ అడగటం కూడా మరిచిపోయింది. అత్తయ్యా, ఇటు, లిఫ్టుకి."

"అటు తిప్పుతావేంటి? ఇటు మెట్లెక్కితే దగ్గర" అన్నాడు చేపలవాడు, గంప దించి.

"ఆవిడ మోకాళ్ళకి మెట్లా? నీ కళ్ళు చేపలకిచ్చావా?"

"అత్తయ్యని రోజూ తీసుకెళ్ళేది నేను. మధ్యలో మీరెవరు?" అంటూ ఇంకొకావిడ చెయ్యి పట్టుకుంది.

అత్తయ్య నోరు విప్పలేదు. విప్పకుండానే నలుగురి చేతుల మీదుగా లైబ్రరీకి వెళ్ళిపోయింది. మేనేజరు కళ్ళు మూసుకుని ఏదో దైవప్రార్థన చేసుకున్నాడు.

పై అధికారి ఆయన చెవిలో మెల్లగా, "బాత్‌రూమ్ ఎటయ్యా?" అన్నాడు. మెల్లగా అంటే అక్కడ లాభం లేదు. మేనేజరు నోరు తెరిచేలోపల సంచీ వదిన, "ఇటు బాబూ, నేల తడిగా ఉంది, చూసి నడు" అంది. చేపలవాడు ఆయన చేతిలోని గొడుగు అందుకున్నాడు. ఒక ముసలాయన తలుపుదాకా తోడు వెళ్ళి, గడియ సరిగ్గా పడదని చెప్పి, బయట కాపలా నిలబడ్డాడు.

అధికారి తిరిగొచ్చేసరికి ఆయన చేతిలో టీ గ్లాసుంది. ఎవరిచ్చారో ఆయనకే తెలియదు. బెంచీ మీద కూర్చుని టీ అంతా తాగాడు. "ఇక్కడ దారి తప్పడం కష్టమేనయ్యా. మలుపు ఉండనీ. ఆ బోర్డులు మాత్రం తీయించు, గోడ కనబడ్డంలేదు" అని వెళ్ళిపోయాడు.

సాయంత్రం బోర్డులన్నీ విప్పించి, మేనేజరు నీరసంగా వచ్చి అత్తయ్య పక్కన కూలబడ్డాడు. "నిజం చెప్పండి. మీకు దారి తెలుసు కదూ?"

"కళ్ళు మూసుకుని నడుస్తాను నాయనా."

"మరెందుకిలా చంపుతారు నన్ను?"

"సందుల్లో ఉన్నన్నాళ్ళూ వీళ్ళు పదిమందికి దారి చెప్పినవాళ్ళే. ఇక్కడికొచ్చాక అన్నీ అడిగి తెలుసుకోవలసినవాళ్ళయ్యారు. వాళ్ళనీ ఎవరో ఒకరు అడగాలి కదా. దారి చెప్పినవాడే ఊరివాడు."

మేనేజరు ఆవిడ వైపు తిరిగాడు. "అయితే మొదటిరోజు నన్ను..."

"పెట్టె విప్పకుండానే వెనక్కి పోయేలా ఉన్నావు మరి."

అది నిజమే. ఆయన తల వంచుకుని నవ్వుకున్నాడు.

"ఒక ఉపకారం చేసిపెట్టు" అంది అత్తయ్య. "ఎల్లుండి నాకు మోకాలి ఆపరేషను. కొన్నాళ్ళు కదలనివ్వరట. ఈలోగా గట్టు మీదనుంచి ఇంకొన్ని సంసారాలు దిగుతాయి. నేనొచ్చేదాకా రోజూ పొద్దున్నే ఎవర్నో ఒకర్ని అడుగు."

"నేనా? చేతిలో ఇంత తాళాల గుత్తి పెట్టుకుని దారి తెలియదంటే ఎవరు నమ్ముతారు అత్తయ్యా?"

"గీసినదాన్ని, నన్నే నమ్మారు. మేనేజరుకి ఏమీ తెలియదంటే ఇంకా తొందరగా నమ్ముతారు. అడుగుతావు కదూ?"