రేడియో అంగట్లో జొన్నరొట్టెలు

నేను కోడలిగా ఈ ఊరికి వచ్చిన కొత్తలో మా అత్త బజారుకు పోయేది కాదు. ఇంటికీ బజారుకూ మధ్య ఉన్నది ఒక్క సందు. ఆ సందు మలుపు తిరిగితే ఎదురుగా కనిపించేది మా మామ రేడియో అంగడే. అయినా అత్త ఆ మలుపు దాటేది కాదు. చీరలు కావాలంటే గుడ్డలంగడివాళ్లే మూట కట్టి ఇంటికి పంపేవాళ్లు. నట్టింట్లో చాప పరిచి, ఇరుగుపొరుగు ఆడవాళ్లను పిలిచి, నచ్చినవి ఉంచుకొని మిగతావి తిప్పి పంపేవాళ్లం. ఉప్పూ పప్పూ మామ తెచ్చేవాడు. గాజులామె తట్ట నెత్తిన పెట్టుకొని గడప దగ్గరికే వచ్చేది. "బజార్లో నాకేం పని ఉండాదమ్మా, అది మొగోళ్ల జాగా" అనేది అత్త.

ఆమే ఇప్పుడు అదే బజారు నడుమ, అదే అంగట్లో, తెల్లారింది మొదలు రొట్టెలు తడుతోంది.

పుట్టింట్లోనూ మెట్టింట్లోనూ మా వాళ్లది మగ్గాల పనే. మా పుట్టిల్లు కడప వైపు, అక్కడ ఇప్పటికీ మగ్గం ఆడుతోంది. మా మామ మాత్రం కుర్రతనంలోనే మగ్గం గుంతలోంచి లేచి, కర్నూలుకు పోయి, ఒక మేస్త్రీ దగ్గర రేడియోలు బాగుచేయడం నేర్చుకొని వచ్చాడు. ఊళ్లో అదే మొదటి రేడియో అంగడట. "మా ఇంటా వంటా లేని విద్య నేర్చినా" అని ఇప్పటికీ చెప్పుకుంటాడు. పలకల తలుపులు ఒక్కొక్కటే ఊడదీసి గోడకు ఆనించి, గల్లాపెట్టె మీద గుడ్డతో దుమ్ము కొట్టి, రేడియో పెట్టేవాడు. దాంతో బజారు మేలుకునేదని ఆయన నమ్మకం.

నేను వచ్చేటప్పటికి రేడియోలు అటకెక్కి, అంగడి నిండా పాటల క్యాసెట్లు ఉన్నాయి. పెళ్లిళ్ల కాలంలో అడిగినవాళ్లకు పాటలు ఎక్కించి ఇస్తూ మామకు అన్నం తినే తీరిక ఉండేది కాదు. తర్వాత ఒక మూలన అద్దాల గది వెలిసింది. లోపల ఫోను. పేరుకు అద్దాల గదే గానీ, జనం గొంతు చించుకొని మాట్లాడేవాళ్లు కాబట్టి ఎవరి కూతురికి నెల తప్పిందో, ఎవరి బోరులో నీళ్లు పడ్డాయో మామకు ముందే తెలిసిపోయేది. రాత్రి అన్నాల దగ్గర ఆ కబుర్లన్నీ మాకు వడ్డించేవాడు. బజారుకు పోకపోయినా బజారు ఆ విధంగా అత్త దగ్గరికి వచ్చేది.

ఫోన్లు జనాల జేబుల్లోకి వచ్చాక అద్దాల గది తీసేశాడు. జిరాక్సు మిషను పెట్టాడు. సెల్లు రీచార్జీలు చేశాడు. తర్వాత అవీ ఎవరింట్లో వాళ్లే చేసుకోవడం మొదలుపెట్టారు. చివరికి అంగట్లో మిగిలినవి టీవీ రిమోట్లూ, టార్చిలైట్లూ, దోమల బ్యాట్లూ. పలకల తలుపుల జాగాలో పెట్టించిన షట్టరును మామ పొద్దున ఎత్తి, కాసేపు కూర్చొని, దించేసి ఎదురుగా ఉన్న టైలరు సాయిబు అంగట్లో కూర్చునేవాడు.

ఆ సాయిబుదీ అదే కథ. ఒకప్పుడు పండగకు చొక్కా కావాలంటే నెలముందే గుడ్డ ఇచ్చి ఆయన్ను బతిమాలుకోవాలి. రెడీమేడ్లు వచ్చాక కొన్న ప్యాంట్లకు కాళ్లు కురచ చేయడం, చీరలకు ఫాల్స్ కుట్టడం ఆయన పని. కొన్నాళ్లుగా సెల్లులో బట్టలు తెప్పించుకొని, అవి సరిపోక ఆయన దగ్గరికి తెచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. "ఆ కంపెనీవాళ్లు సల్లగుండాలన్నా! వాళ్లకు కొలతలు రాకపాయె, నాకు పని దొరికె" అని మామతో నవ్వేవాడు. మామ మాత్రం నవ్వేవాడు కాదు. తన విద్యకు అలాంటి దారి దొరకలేదని ఆయన దిగులు.

రొట్టెల సంగతి మా మేడమీద నుంచి మొదలైంది. పైగదిలో ఒక బ్యాంకు ఉద్యోగి అద్దెకు దిగింది, కృష్ణా జిల్లా అమ్మాయి. తోడుగా వాళ్లమ్మ ఉండేది. ఆవిడకు చక్కెర జబ్బు. డాక్టరు రాత్రిపూట అన్నం మానేసి జొన్నరొట్టె తినమన్నాడట. ఒకరోజు ఆ అమ్మాయి మెట్లు దిగివచ్చి మొహమాటంగా అడిగింది.

"మామ్మగారూ, మీరు వద్దనకపోతే... మా అమ్మకు రోజూ రెండు రొట్టెలు చేసిపెడతారా? నాకు ఎంత ప్రయత్నించినా విరిగిపోతున్నాయి. ఊరికే వద్దు, కొనుక్కుంటాను."

అత్తకు ముందు నవ్వు వచ్చింది. తనను ఒకరు 'గారూ' అనడం ఒక వింత, రొట్టె కొనుక్కుంటాననడం ఇంకో వింత.

"మేము బియ్యం దొరక్క రొట్టె తింటిమి. వీళ్లు బియ్యం ఎక్కువై తింటాండారు. కాలం ఎట్ల తిరిగిందో చూడమ్మా!" అంది నాతో, ఆ పిల్ల పైకి పోయాక.

మరునాటి నుంచి రొట్టెలు మేడెక్కాయి. బ్యాంకు అమ్మాయి ఒకరోజు డబ్బాలో పెట్టుకొని పోతే, ఆఫీసులో తిన్నవాళ్లు తమకూ కావాలన్నారు. తర్వాత ఆసుపత్రి నర్సమ్మలు, ఆపైన కాలేజీ లెక్చరర్లు. నేను కడప పిల్లను. మా వైపు సంగటి గెలకడం వస్తుంది గానీ రొట్టె తట్టడం రాదు. నా చేతిలో పిండి అంచులు పగిలి ఎటు పడితే అటు పోయేది. అత్త ఉడుకునీళ్లు పోసి, పిండి మర్దించి, పీట మీద టపటపా తడుతుంటే అది తనంతట తానే గుండ్రంగా తిరుగుతున్నట్టు ఉండేది. సాయంత్రమైతే రొట్టెలకు వచ్చినవాళ్లతో మా వసారాలో చెప్పులు విడిచే జాగా ఉండేది కాదు. మా ఆయన ఇంట్లోకి రావడానికి దారి అడగాల్సి వచ్చేది.

ఒక రాత్రి అన్నాల దగ్గర అత్త మెల్లగా అంది.

"ఇల్లు సాలకుండా ఉండాది. అంగడి వూరికే మూసి పెట్టినాం గదా. ఆడ పొయ్యి పెట్టుకుంటా."

మామ ముద్ద కలపడం ఆపాడు.

"ఆ అంగట్లోనా? రొట్టెలా?"

"ఊ."

"నీళ్లూ, రొట్టే ఎవురన్నా అమ్ముకుంటారా? ఇంటికొచ్చినోళ్లకు పెట్టేటివి అవి. మగ్గం ఇడిసి విద్య నేర్సి, నలుగురిలో అంగడి పెడితి. ఆడ పెండ్లాన్ని పొయ్యి కాడ కూచోబెట్టినా అని ఊరంతా అనుకోవల్లనా?"

"నీళ్లు అమ్మేది యానాడో మొదలయ్యింది మామా, క్యాన్లలో వస్తాండాయి గదా" అన్నాను నేను. ఆయన నా వైపు గుర్రుగా చూశాడు. చేయి కడుక్కొని లేచిపోయాడు.

షట్టరు తాళంచెవి ఎప్పుడూ ఆయన మొలతాడుకే ఉంటుంది. అత్త దాన్ని అడగలేదు. గొడవా పడలేదు. రెండు మూడు రోజులు గడిచాయి. ఒక పొద్దున నేను లేచేసరికి అత్త ఉతికిన చీర కట్టుకొని, గ్యాసుపొయ్యి, పెనం, పిండిడబ్బా వసారాలో సర్దుతోంది.

"ఆ సిలిండరు ఒక చెయ్యి పట్టమ్మా" అంది నాతో.

"యాడికత్తా?"

"బజారుకు."

ఇద్దరం కలిసి సందు దాటాం. మలుపు దగ్గర అత్త ఒక్క క్షణం ఆగింది. కొంగు భుజం మీదుగా నిండుగా లాక్కుంది. "పోదాం పా" అని నన్నే తొందరపెట్టింది. మూసిన షట్టరు ముందు మెట్టు మీద పొయ్యి పెట్టి, పక్కన పీట వేసుకొని కూర్చుంది. కాసేపటికి రొట్టె చప్పుడు బజారులో వినిపించసాగింది.

జనం చూశారు. పోతూ పోతూ ఆగి చూశారు. అడిగినవాళ్లు లేరు. రొట్టె తట్టడం ఇంట్లో వినాల్సిన చప్పుడు గానీ బజారులో వినేది కాదు కదా, అది అమ్మకానికో కాదో ఎవరికీ అర్థం కాలేదు. చివరికి బనగానపల్లె వైపు పోతున్న లారీ ఒకటి ఆగింది. డ్రైవరు దిగి వచ్చి వంగి చూశాడు.

"అవ్వా, ఇవి అమ్మేటివేనా?"

"కాదు నాయనా, చూసేటివి" అంది అత్త, తల ఎత్తకుండా.

అతను పకపకా నవ్వి, అక్కడే గొంతుక్కూర్చొని, రొట్టె మీద చెనిక్కాయల పొడి చల్లించుకొని తిన్నాడు. తింటున్నంతసేపూ తల ఊపుతూనే ఉన్నాడు. పోయేటప్పుడు క్లీనరుకూ కట్టించుకున్నాడు. ఆ తర్వాత ఒకరిద్దరు ధైర్యం చేసి దగ్గరికి వచ్చారు.

ఎండ ఎక్కింది. మా ఊరి ఎండ సంగతి చెప్పక్కర్లేదు, పది గంటలకే బండలు కాలుతాయి. కింద పొయ్యి సెగ, పైన సూర్యుడు. అత్త ముఖం ఎర్రబడింది. నేను గొడుగు పట్టుకొని నిలబడ్డాను. మామ ఎదురుగా సాయిబు అంగట్లోనే ఉన్నాడు, పేపరు ముఖానికి అడ్డం పెట్టుకొని. సాయిబు మిషను ఆపడం నాకు కనిపించింది. ఆయన గొంతు పెద్దది, రోడ్డుకు ఇవతలికి కూడా వినిపించింది.

"అన్నా, అంగడి నీడలో ఉండాది. వొదినమ్మ ఎండలో ఉండాది. ఇదేం ఇన్సాఫన్నా, ఇదేం న్యాయం?"

మామ పేపరు మడిచాడు. తర్వాత లేచి, రోడ్డు దాటి వచ్చి, మొలతాడు నుంచి తాళంచెవి తీశాడు. షట్టరు గరగరమని పైకి పోయింది.

"లోపలికి రా. జనం నవ్వుతాండారు" అన్నాడు, ఆమె వైపు చూడకుండా.

"నవ్వనీలే. నవ్వుకుంటా వచ్చినోళ్లు రెండు కొనుక్కోని పోతారు" అంది అత్త.

సిలిండరు మామే లోపలికి ఎత్తాడు. నాకు గొడుగు ముడవాలన్న ధ్యాస కూడా లేదు. నీడలో గొడుగు పట్టుకొని నిలబడి ఉంటే సాయిబు అటునుంచి నవ్వుతున్నాడు.

మొదటి వారమంతా మామ అంగడి మూలన రిమోట్ల పక్కనే ముడుచుకొని కూర్చున్నాడు. రొట్టెల వైపు చూసేవాడు కాదు. అయితే పెనం మీద పిండి మాడే పొగకు అత్త దగ్గుతుంటే ఊరుకోలేకపోయాడు. పాత టేబుల్ ఫ్యాను విప్పి, గోడకు కన్నం కొట్టించి, పొగ బయటికి పోయేలా బిగించాడు. అది పనిచేసిన రోజు ఆయన ముఖంలో చాలా ఏళ్ల తర్వాత వెలుగు చూశాను. ఇంకో వారానికి రొట్టెలు పేపర్లో చుట్టి ఇవ్వడం ఆయన పనైంది. వచ్చినవాళ్లు రొట్టె కాలేదాకా నిలబడాలి. నిలబడ్డవాళ్లు మాట్లాడక ఉండలేరు. ఫోను గది పోయాక మామ పోగొట్టుకున్న కబుర్లన్నీ మళ్లీ ఆయన దగ్గరికే రావడం మొదలుపెట్టాయి.

పైన పాత బోర్డు ఉంది, 'రేడియోలు బాగుచేయబడును' అని. దాన్ని మార్పిద్దామని మా ఆయన పెయింటరును పిలుచుకొస్తే మామ ఒప్పుకోలేదు.

"బాగుచేయబడును అనే గదా ఉండాది. ఇప్పుడు మనుషుల షుగరు బాగుచేస్తాండాం. ఉండనీ" అన్నాడు.

అందుకే మా ఊళ్లో 'రేడియో రొట్టెలు' అంటే చిన్నపిల్లలు కూడా దారి చూపిస్తారు.

బజారు చుట్టూ మారుతూనే ఉంది. ఇత్తడి బిందెల అంగడి ఇప్పుడు కళ్లద్దాల అంగడి. మూటలు కట్టి చీరలు పంపిన గుడ్డలంగడివాళ్లు అద్దాలు బిగించి, చల్లటి మిషను పెట్టి, తలుపు దగ్గర ప్లాస్టిక్కు బొమ్మలకు చీరలు కట్టి నిలబెట్టారు. అత్త మొదటిసారి అక్కడికి తానే పోయి, నిలబడి, బేరమాడి నాకొక చీర తెచ్చింది. "ఇన్నేండ్లు వాళ్లు పంపినవే సూస్తిమి. పంపనివి ఎంత బాగుండాయో!" అని ఆశ్చర్యపోయింది. బైపాసులో సూపర్‌మార్కెటు వచ్చింది. అందరూ భయపెట్టారు, అక్కడ రొట్టెలు ప్యాకెట్లలో అమ్ముతున్నారని. నేనొక ప్యాకెట్టు తెచ్చి ఇచ్చాను. అత్త ఒక ముక్క నోట్లో వేసుకొని, నమిలి నమిలి, "పాపం, వీళ్లకు ఎవురూ నేర్పినట్టు లేరు" అంది. అంతకుమించి దాని గురించి ఎప్పుడూ మాట్లాడలేదు.

పని పెరిగాక తోడుగా మా వీధి ఆడవాళ్లిద్దరు వచ్చారు. నాకూ ఇప్పుడు రొట్టె వచ్చింది. గుండ్రంగా వస్తుందని చెప్పను గానీ పొంగుతుంది. సెల్లుతో డబ్బులు కట్టినప్పుడు పలికే చిన్న పెట్టె ఒకటి బ్యాంకువాళ్లు తెచ్చిపెట్టారు. అది మాట్లాడిన మొదటి రోజే మామ స్క్రూడ్రైవరు తీశాడు. లోపల స్పీకరు ఎంతుందో చూడాలట. "అది మాట్లాడతాండంగా దాని గొంతు కొయ్యొద్దయ్యా" అని అత్త అరిస్తే గానీ ఆగలేదు.

పోయిన నెలలో, అంగడి మొదలైన తర్వాత మొదటిసారి, ఒకరోజు సెలవు పెట్టి అందరం అహోబిలం పోయాం. దర్శనం అయ్యాక బస్సుకు టైము ఉందని కింద అంగళ్ల దగ్గర తిరిగాం. నేను గాజులు చూస్తూ వెనక్కి తిరిగేసరికి అత్త లేదు. వెతికితే, వరుస చివర మొక్కజొన్న కంకులు కాల్చే ఒకామె పక్కన రాతి మీద కూర్చొని ఉంది. ఇద్దరూ ఎన్నాళ్లుగానో ఎరిగినవాళ్లలా మాట్లాడుకుంటున్నారు.

"ఈ కట్టెలకు పొగ శానా లేస్తాదే. అంగడి ఇంత ఇట్ల తిప్పుకో, గాలి ఎనకనుంచి వస్తాది" అంటోంది అత్త.

"తిప్పుతే పక్కామె ఒప్పుకోదక్కా."

"ఒప్పుకుంటాది. రెండు కంకులు ఇచ్చి అడుగు. మీది ఏం అంగడక్కా అని అడగవేం?"

"ఏం అంగడక్కా మీది?"

"రొట్టెల అంగడి. బజార్లోనే, పెద్ద జాగా" అంది అత్త, కొంగు సర్దుకుంటూ.

అంతలో అటునుంచి మామ కేక వినిపించింది, బస్సు వచ్చిందని. అత్త కదల్లేదు.

"వస్తాండాంలే, ఆపు ఆ బస్సును! యాపారస్తులం, రెండు మాటలు మాట్లాడుకోనీ."

మామ నిజంగానే పోయి డ్రైవరుతో మాటలు పెట్టుకున్నాడు. మేం ఎక్కేదాకా బస్సు కదల్లేదు.