ఆరుసార్లు చచ్చిన కీచకుడు

శనివారం సాయంత్రం ఆరూ పదికి, ఆత్మకూరు బస్టాండు వెనక కట్టిన స్టేజీ మీద మా మేనమామ మొదటిసారి పడ్డాడు. నా చేతికి గడియారం ఉంది కాబట్టి ఇందులో తేడా లేదు. ఆ రోజుల్లో నాటకంలో పద్యం నచ్చితే జనం 'వన్స్ మోర్' అని అరిచేవారు. చచ్చిన పాత్రయినా లేచి, మళ్లీ పాడి, మళ్లీ చావాల్సిందే. (ఇప్పటివాళ్లకు నవ్వులాట. మాకది మర్యాద.)

మామ మిలటరీలో బాక్సింగ్ చాంపియన్. ఉదయగిరిలో అందరికీ గుద్దుల మామ. తిరిగొచ్చాక ఏ పనీ దొరక్క నాటకం కంపెనీలో కీచకుడి వేషం అడిగాడు. మేనేజరు ఆయన ఒళ్లు చూసి మురిసిపోయాడు, గొంతు విని దిగులుపడ్డాడు. "పద్యం రాని కీచకుడేందయ్యా? సరే, ఒక్క ఆట చూస్తా. జనం ఒక్క వన్స్ మోర్ అన్నా నిన్ను పెట్టుకుంటా. లేదంటే ఉదయగిరి బస్సెక్కు."

"పాడలేకపోతే పోయె, బాగా పడతా," అన్నాడు మామ నాతో. "రింగులో ఒక్కసారి కూడా పడలా అమ్మే. ఇప్పుడు నేర్చుకోవాల." ఎనిమిది రోజులు మా పెరట్లో వరిగడ్డి పరిచి పడ్డాడు, రోజుకు ఇరవై. లెక్క నాది.

ఆత్మకూరులో వరిగడ్డి లేదు, చెక్క పలకలే. భీముడి వేషం మర్రిపాడు దర్జీది, మనిషి మామ రొమ్ము దాకా వస్తాడు. అతను మునివేళ్ల మీద లేచి కొట్టగానే మామ దబ్బున పడ్డాడు. జనంలో ఒకాయన దగ్గాడు, అంతే. నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. ఓణీ నోటికి అడ్డం పెట్టుకుని, గొంతు లావు చేసి, "వన్స్ మోర్!" అని అరిచాను. జనం నవ్వి, వాళ్లూ అందుకున్నారు. మామ లేచి, "ఇంకోటి కొట్టన్నా," అని దర్జీని బతిమాలాడు. నాలుగోసారికి కుంటుతున్నాడు. చూశాను. అయినా లెక్కపెడుతూనే ఉన్నాను. ఆరోసారి లేవలేదు. అదే గొప్ప నటన అనుకుని జనం చప్పట్లు కొట్టారు.

తిరుగు బస్సులో మామను వెనక సీటు మీద పడుకోబెట్టాం. "మేనేజరు పెట్టుకుంటానన్న్యాడమ్మే. మొదట అరిచింది ఎవురోగాని, వాడి కడుపు చల్లగుండ!"

"ఎవురో మగోడులే మామా," అన్నాను.

మామ లేచి నడుస్తాడేమోనని మేనేజరు నెల రోజులు చూసి వేరే కీచకుణ్ణి తెచ్చుకున్నాడు. మామ పోయేదాకా, నేను ఎప్పుడు వెళ్లినా ఆ గొంతు సంగతే ఎత్తేవాడు. నేనూ అదే జవాబు చెప్పేదాన్ని. ఇప్పుడు పక్కింటివాళ్లను పిలిచినా వినపడని గొంతు నాది. ఆ పంతొమ్మిదేళ్ల పిల్ల అరుపు తలుచుకుంటే మాత్రం ఇంకా నవ్వొస్తుంది, కాసేపు.

పోయినవి: మామ కుడి తుంటి ఒకటి, కంపెనీలో చోటు ఒకటి, నిజం చెప్పడానికి నాకు దొరికిన ఇరవై రెండేళ్లు.