గద్వాల చీర మడతలో వేపాకు

దయ్యాలున్నాయంటే ఇప్పటికీ నమ్మను. పూనకమొచ్చి ఊగేవాళ్ళను చూస్తే నాకు జాలికన్నా కోపమే ఎక్కువ. అయినా మహబూబ్‌నగర్ బజారులో పట్టపగలు నా కళ్ళతో చూసింది రాస్తున్నాను.

అక్కడ ఒక మూడంతస్తుల దుకాణం ఉండేది. కింద అత్తర్లు, గాజు సామాను, నడుమ సూటు బట్టలు, పైన పట్టుచీరలు. ఆత్మకూరు, కల్వకుర్తి నుంచి కలిగినవాళ్ళు పెళ్ళి బట్టలకు అక్కడికే వచ్చేవారు. మా ఆయన పైఅంతస్తులో చీరలు మడతపెట్టేవాడు. ఎడమచేతివాటం మనిషి, ఆయన మడతలో కొంగు అందరిలా కాక అటువైపు పడేది. పురుగు పట్టకుండా మడత నడుమ వేపాకు పెట్టేవాడు. నేను అదే దుకాణం ఊడ్చేదాన్ని.

పెద్దసేటు ఉన్నన్నాళ్ళు, కొన్నా కొనకున్నా యాభై చీరలు విప్పి చూపించేవాళ్ళు. తెలంగాణ వచ్చిన కొత్తలో ఆయన పోయి, కొడుకు గల్లా మీద కూర్చున్నాడు. వచ్చినవాళ్ళ చెప్పులు చూసి, ఉన్నవాళ్ళనిపిస్తేనే చీర విప్పి చూపమన్నాడు. జనం కొత్త మాల్‌లకు మళ్ళారు. ఆ కోపం పనివాళ్ళ మీద పడింది.

ఒకనాడు పైన అల్మారాలో నెమలికంఠం రంగు గద్వాల చీర కనిపించలేదు. మా ఆయనతో ఒక కాగితం మీద వేలిముద్ర వేయించుకుని, నకలు చేతిలో పెట్టి పంపేశారు. అందులో ఏముందో చదవడానికే ఆ వయసులో నేను అక్షరాలు నేర్చుకున్నాను. “చీర నేనే దొంగిలించాను” అని ఉంది. ఆ దొంగ పేరుతోనే రెండేళ్ళకు కన్నుమూశాడు. పొట్ట కోసం నేను అక్కడే ఊడ్చాను. సిగ్గు లేదా అంటే, లేదు.

చివరికి దుకాణం మూసేశారు. సరుకంతా లారీకెక్కింది. పైన అల్మారాలన్నీ నేనే తడిగుడ్డతో తుడిచాను. అన్నీ ఖాళీ. కింద నీళ్ళు మార్చుకుని వచ్చేసరికి, తడి ఆరని అరలో ఆ చీర ఉంది. కొంగు అటువైపు. మడతలో వేపాకు, పచ్చిది. గిల్లితే వాసన కొట్టింది. ఆయన పోయాక ఆ దుకాణంలో అందరూ వేపాకు మానేసి, పురుగుకు తెల్ల కలరా ఉండలే వాడారు. పైకి ఉన్నవి ఒకటే మెట్లు. వాటి మీద నేను తప్ప ఎవరూ రాలేదు.

తీసుకెళ్ళి చిన్నసేటు ముందు పెట్టాను. గుర్తుపట్టాడు.

“ఏడ దొరికింది నర్సమ్మా?”

“పోయిందన్న అల్మారల్నే ఉంది సేటు. బజార్ల నిలబడి నా మొగడు దొంగ గాదని చెప్పు.”

“పాత ముచ్చట ఇప్పుడెందుకు? తీస్కపో, నువ్వే కట్టుకో.”

“చీర నాకెందుకు? మాట గావాలె.”

“జర పక్కకు జరుగు, లారీ పోవాలె.”

చీరను కూడా లారీలో వేయించాడు.

దాచినవాళ్ళెవరో భయపడి తెచ్చి పెట్టారనుకుందామంటే, ఆ మడత ఇంకెవరికీ రాదు. ఆయనే వచ్చాడంటే నేను నమ్మను. ఒకవేళ వచ్చినా, అన్నేళ్ళకు వచ్చినవాడు ఇంటి మొఖం చూడలేదు. నేరుగా పోయి వాళ్ళ పనే చేసిపెట్టాడు. ఆ కోపం నాకు ఇంకా తీరలేదు.