విఠల్‌రావు కుక్కల డిపో

విఠల్‌రావుకు ఉన్నది ఒక్కటే పిచ్చి. లోకమంతా బస్ డిపో అనుకుంటాడు. ముప్పై రెండేళ్లు డిపోలో కంట్రోలర్‌గా పనిచేశాడు. ఏ డ్రైవర్ ఏ బండి ఎక్కాలో, అతని వెంట ఏ కండక్టర్ పోవాలో డ్యూటీ చార్టు వేసి వేసి ఆ చెయ్యి రిటైరయ్యాక కూడా ఆగలేదు. డిపో వాళ్లు శాలువా కప్పి, ఫొటో దిగి ఇంటికి పంపిస్తే, ఆయన మర్నాడు పొద్దున సంతోష్‌నగర్‌లోని తన ఇంట్లోనే డ్యూటీ ఎక్కాడు. భార్య వాగ్దేవమ్మ పక్కింటికి కరివేపాకు కోసం వెళ్తే ఎన్నింటికి అవుట్, ఎన్నింటికి ఇన్ అని వరండాలో పలక మీద రాసేవాడు. ఆమె మూడు నెలలు ఓపిక పట్టింది. నాలుగో నెలలో, మాదన్నపేట మార్కెట్ దగ్గర కాలు విరిగి పడి ఉన్న కుక్కను ఆటోలో వేసుకొచ్చి ఆయన ముందు దించింది.

"ఇగో, డ్యూటీ దీనికి వేసుకో. నన్ను ఇడిశిపెట్టు" అన్నది.

ఆయన ఆ మాటను ఆర్డరు కింద తీసుకున్నాడు. ఏడాది తిరిగేసరికి వరండా నిండా కుక్కలే. గుద్దిపోయిన బండ్ల కింద పడ్డవి, ఇల్లు మారుతూ గేటు బయట వదిలేసి పోయినవి, ముసలివైపోయాయని గెంటేసినవి. పేర్ల కోసం ఆయన బుర్ర పాడు చేసుకోలేదు. ఏ స్టాపులో దొరికితే ఆ స్టాపు పేరే. అందుకే పొద్దున్నే ఆ ఇంటి ముందు నుంచి పోయేవాళ్లకు మాదన్నపేటకు కడుపు చెడిందనీ, యాకుత్‌పురా రాత్రంతా ఏడ్చిందనీ వినపడుతుండేది. కొత్తవాళ్లు కంగారుపడి ఫోన్ తీసి వార్తలు చూసుకునేవాళ్లు.

కుక్కను ఎవరికీ 'ఇస్తాను' అనడు. ముద్దొస్తున్నది ఇమ్మని అడిగినవాళ్లను గేటు దగ్గరి నుంచే పంపించేస్తాడు. ఎవరికి వెయ్యాలో ఆయనే చూసి చార్టు వేస్తాడు. ఒక మనిషి, ఒక కుక్క కలిస్తే ఒక క్రూ. మనిషి డ్రైవరు, కుక్క కండక్టరు. ప్రతి క్రూ పొద్దున ఆరింటికి ఆయన గేటు దగ్గరికి వచ్చి రిపోర్టు చెయ్యాలి. రిజిస్టరులో సంతకం పెడితే ఆయన "రైట్ రైట్" అంటాడు. అప్పుడు కాలనీ చుట్టూ ఒక ట్రిప్పు కొట్టి రావాలి. కుక్కను ఇంటికి తీసుకెళ్లి నాలుగేళ్లయినా సరే, రిపోర్టు తప్పదు.

ఈ డిపోలోకి కృపాకర్‌ను అతని చెల్లెలు సోనీ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. కృపాకర్ పదహారేళ్లు స్కూలు బస్సు నడిపాడు. ఒకరోజు మోటర్‌సైకిల్ ఒకటి అడ్డం వస్తే తప్పించబోయి బస్సును గోడకు గుద్దాడు. పిల్లలెవరికీ దెబ్బ తగల్లేదు. తప్పు నీది కాదని పోలీసులు కూడా అన్నారు. కానీ ఆ క్షణంలో వెనక నుంచి లేచిన నలభై మంది పిల్లల కేక అతని చెవుల్లోంచి పోలేదు. స్టీరింగ్ పట్టుకుంటే చేతులు వణికేవి. వణుకు తగ్గడానికి తాగాడు. తాగుడు చూసి ఉద్యోగం పోయింది. ఉద్యోగం పోయిందని మళ్లీ తాగాడు. చెల్లెలి ఇంట్లో మేడ మీద గదిలో పగలంతా పడుకుని ఉంటుంటే, మేడ కాపలాకు కుక్క కావాలనే వంకతో సోనీ అతన్ని బయటికి తెచ్చింది.

విఠల్‌రావు కాపలా సంగతి వినిపించుకోలేదు. కృపాకర్‌ను కిందా మీదా చూసి, ఏం బండి నడుపుతవని అడిగాడు.

"బస్సు, సార్. గిప్పుడు ఖాళీగున్న" అన్నాడు కృపాకర్, నేల చూస్తూ.

"ఖాళీ అనొద్దు, స్పేర్ అనాలె" అన్నాడు విఠల్‌రావు. డిపోలో ఆ పూట బండి దొరకని డ్రైవర్లు బెంచీ మీద కూర్చుంటారు, వాళ్లను స్పేర్ అంటారని సోనీకి వివరంగా చెప్పాడు. తర్వాత కృపాకర్ వైపు తిరిగి, "స్పేర్ల ఉన్నోనికి ఎప్పుడు డ్యూటీ పడ్తదో తెల్వది. అందుకే యూనిఫాం ఇప్పొద్దు" అన్నాడు.

అలా అని, బార్కస్‌లో దొరికిన గోధుమ రంగు కుక్కను తెచ్చి తాడు అతని చేతిలో పెట్టాడు. ఏదో బండి గుద్ది దాని వెనక కాలు వంకరపోయింది. గేటు బయట ఆటో స్టార్టయితే చాలు, గజగజ వణుకుతూ కృపాకర్ కాళ్ల మధ్య దూరింది. అతని చేతులూ వణుకుతున్నాయి. తాడుకు ఆ కొస వణుకెంతో, ఈ కొస వణుకెంతో చెప్పడం కష్టమే.

మర్నాడు ఆరింటికి కృపాకర్ గేటు దగ్గరికి వచ్చేసరికి లైను కట్టి ఉన్నారు. ముందు రంగనాయకమ్మ, డెబ్బై ఏళ్ల పెద్దావిడ, తరతరాలుగా గుడిలో ప్రసాదం వండే ఇల్లు వాళ్లది. ఆమె వెంట మాదన్నపేట. వెనక మొగులయ్య, పైపులు బాగుచేసే మనిషి, అతనితో యాకుత్‌పురా. విఠల్‌రావు రిజిస్టరు చంకలో పెట్టుకుని రంగనాయకమ్మ ముందుకు వచ్చి ముక్కు చాపాడు.

"ఊదుండ్రి" అన్నాడు.

కృపాకర్ నోరు తెరుచుకుని చూశాడు. డిపోలో డ్రైవరు బండెక్కే ముందు తాగాడేమోనని నోరు వాసన చూస్తారు, అది అతనికి తెలుసు. కానీ ఉల్లిపాయ కూడా ముట్టని ఈ పెద్దావిడను ఊదమనడమేమిటి? ఆమె కొంగు సర్దుకుని, "ఎట్ల ఊదాలె?" అని అడిగింది. పొయ్యి ఊదినట్టు ఊదమన్నాడు విఠల్‌రావు. ఆమె ఊదింది. మొగులయ్య ఊదాడు. తన వంతు వస్తే కృపాకర్ కూడా ఊదాడు. పాపం, ముసలితనం, రోజూ ఊదుతూ కూడా ఎలా ఊదాలో మర్చిపోయిందని ఆమె మీద జాలిపడ్డాడు. విఠల్‌రావు మీద మాత్రం జాలి కలగలేదు. ఈయనకు బుర్ర పూర్తిగా తిరిగిందని ఇంటికి పోగానే చెల్లెలికి చెప్పాడు.

అయినా తాగితే పొద్దున వాసన పట్టుబడుతుంది. పట్టుబడితే బార్కస్ తాడు చేతికి రాదు. సాయంత్రం సీసా దాకా పోయిన చెయ్యి ఈ లెక్క గుర్తొచ్చి వెనక్కి వచ్చేది. బార్కస్ కూడా మేడ మీద గుమ్మానికి అడ్డంగా పడుకుని, అతను లేస్తే తనూ లేచేది. పోతే దాన్ని దాటి పోవాలి. చాలాసార్లు అతనికి దాటబుద్ధి కాలేదు.

ఒక్క ఆదివారం దాటాడు. సోమవారం పొద్దున నాలుగు యాలక్కాయలు నమిలి లైనులో నిలబడ్డాడు. విఠల్‌రావు వాసన చూశాడు. ముఖంలో ఏ మార్పూ లేదు. యాలకులు నమలని తాగుబోతును నేను ముప్పై రెండేళ్లల్లో చూడలేదని అతనొక్కడికే వినపడేట్టు చెప్పి, పేరు పక్కన 'స్పేర్' అని రాశాడు. తర్వాత మొగులయ్య దగ్గరికి పోయి, ఉల్లిగడ్డ వాసన అని అతన్నీ స్పేర్‌లో రాశాడు. చివరికి రంగనాయకమ్మ దగ్గర ఆగాడు.

"ఇంగువ. స్పేర్" అన్నాడు.

మూడు కుక్కలనూ వరండాలో కట్టేసి, మనుషులను బెంచీ మీద కూర్చోబెట్టాడు. రంగనాయకమ్మ తులసిమాల తిప్పుకుంటూ గంటసేపు కూర్చుంది. ఎదురుగా బార్కస్ తాడు బిగిసేదాకా ముందుకు వచ్చి, అతన్ని చూసి మూలుగుతూనే ఉంది. ఆ గంట కృపాకర్‌కు గోడను గుద్దిన రోజుకంటే బరువుగా గడిచింది. లేచి పోబోతుంటే విఠల్‌రావు రిజిస్టరులోంచి తల ఎత్తకుండానే, రేపు డ్యూటీ ఉన్నది అన్నాడు. ఆ రోజు తర్వాత కృపాకర్ సీసా ముట్టలేదు. గొప్ప నిర్ణయమేమీ తీసుకోలేదు, మళ్లీ ఆ బెంచీ మీద కూర్చునే ఓపిక లేక.

నెల గడిచాక విఠల్‌రావు అతనికి కొత్త డ్యూటీ వేశాడు. కుక్కలను పశువుల దవాఖానాకు తీసుకుపోయే పాత ఓమ్ని వ్యాను ఒకటి ఇంటి ముందు ఉండేది. తన కండ్లకు శుక్లాలు వచ్చాయనీ, ఇకనుంచి బండి నువ్వే తియ్యాలనీ అన్నాడు. కృపాకర్ తన చేతులు చాపి చూపించాడు. విఠల్‌రావు ఆ చేతులను చూసి, బండి నడపమన్ననా, కూసోమన్న, అన్నాడు.

మొదటి వారం ఇద్దరూ ఊరికే కూర్చున్నారు, ఆగి ఉన్న వ్యానులో, అర్ధగంట చొప్పున. స్టీరింగ్ ముందు కృపాకర్, పక్క సీటులో బార్కస్. రెండో వారం ఇంజన్ స్టార్ట్ చేసి ఆపేయాలి. ఇంజన్ మోగగానే బార్కస్ అతని ఒళ్లోకి దూకేది. దాన్ని ఊరుకోబెట్టడంలో పడి కృపాకర్ తన వణుకు సంగతి మర్చిపోయేవాడు. మూడో వారం బండి గల్లీ చివరి దాకా పోయింది. విఠల్‌రావు పక్కనే నడుస్తూ, ఎదురుగా మేక కనపడ్డా బండి ఆపమని "హోల్డాన్" అని అరిచేవాడు. గల్లీ జనం గుమ్మాల్లో నిలబడి చూసేవాళ్లు. నడిచే మనిషికంటే వెనకబడ్డ వ్యానును వాళ్లెప్పుడూ చూడలేదు. రెండు నెలలకు అదే వ్యాను సైదాబాద్ దాటి దవాఖానా దాకా పోయింది. బార్కస్ కిటికీలోంచి తల బయటపెట్టి, వచ్చే పోయే ఆటోలన్నిటినీ చూసి మొరుగుతూ పోయింది.

ఆ తర్వాత బహదూర్‌పురా జూపార్కులో చూడ్డానికి వచ్చినవాళ్లను తిప్పే బ్యాటరీ బండికి డ్రైవరు కావాలని తెలిసింది. కృపాకర్ టెస్టుకు పోయాడు. బండెక్కేటప్పుడు వెనక సీట్లలో పిల్లలు కేకలు పెడుతున్నారు. వెనక్కి తిరిగి చూశాడు. వాళ్లు ఏనుగును చూసి కేకలు పెడుతున్నారు. బండి కదిలింది. చేతులు వణికాయి, కానీ బండి వంకర పోలేదు. ఉద్యోగం వచ్చింది.

ఎనిమిదింటికల్లా డ్యూటీలో ఉండాలి. విఠల్‌రావు చార్టు మార్చి, నువ్వు ఐదున్నరకే వచ్చి రిపోర్టు చేసి పో అన్నాడు. కృపాకర్ రోజూ ఐదున్నరకు ఒక్కడే వచ్చి, ఊది, సంతకం పెట్టి, బార్కస్‌తో ఒక ట్రిప్పు కొట్టి, దాన్ని సోనీకి అప్పగించి బస్సెక్కేవాడు. సోమవారం జూకు సెలవు. ఆ రోజు వీక్లీ ఆఫ్, రిపోర్టు లేదు, పడుకో అని విఠల్‌రావు గట్టిగా చెప్పాడు.

కానీ వీక్లీ ఆఫ్ సంగతి బార్కస్‌కు ఎవరూ చెప్పలేదు. ఒక సోమవారం అది దుప్పటి లాగి లాగి అతన్ని లేపి, సరిగ్గా ఆరింటికి విఠల్‌రావు ఇంటి దాకా ఈడ్చుకొచ్చింది. గోడ ఇవతలే ఉన్న కృపాకర్‌కు లోపల రిపోర్టు కనపడుతున్నది. రంగనాయకమ్మ సంతకం పెట్టి, వాగ్దేవమ్మ ఇచ్చిన చాయ్ అందుకుంది. మొగులయ్య సంతకం పెట్టి తాడు అందుకున్నాడు. ఎవరూ ఊదలేదు. విఠల్‌రావు ఎవరి ముందూ ముక్కు చాపలేదు. సంతకం, రైట్ రైట్, అంతే.

బార్కస్ మొరిగింది. లోపలివాళ్లు గోడ మీదుగా కృపాకర్ తలను చూశారు. ఒక్కసారిగా లైను కట్టుకున్నారు. విఠల్‌రావు గబగబా వచ్చి రంగనాయకమ్మ ముందు ముక్కు చాపాడు. ఆమె నోట్లో చాయ్ ఉన్న సంగతి మర్చిపోయి ఊదింది. చాయ్ అంతా విఠల్‌రావు తెల్ల చొక్కా మీద పడింది.

కృపాకర్ గేటు తీసుకుని లోపలికి వచ్చాడు. ఎప్పటి నుంచి ఊదడం లేదని అడిగాడు. విఠల్‌రావు చొక్కా తుడుచుకుంటూ, రూల్ బుక్కుల సోమవారం లేదు అన్నాడు. కృపాకర్ రంగనాయకమ్మ వైపు తిరిగాడు. ఆమెకు అబద్ధం ఆడడం రాదు.

"నువ్వు ఐదున్నరకు వచ్చుడు మొదలుపెట్టినంక ఇడిశినం బిడ్డా" అన్నది.

"మరి నేను రాకముందు?"

"నువ్వు రాకముందు మేమెందుకు ఊదుతం? మాకేం పని?"

తర్వాత ఆమే చెప్పింది. సోనీ అతన్ని తీసుకొచ్చిన ఆ సాయంత్రమే విఠల్‌రావు వీళ్ల ఇళ్లకు పోయి గుమ్మం ముందు నిలబడ్డాడు. లైనులో ఒక్కన్నే ఊదమంటే వాడు రెండో రోజు రాడు, అందరూ ఊదితే వస్తాడు, అన్నాడు. ఆమె మొదట ఒప్పుకోలేదు. దేవుడి ప్రసాదం వండే ఇంటి మనిషికి తాగుబోతు పరీక్షేమిటని కోప్పడింది. రాత్రంతా ఆలోచించి, దేవుడితో చెప్పుకుని, పొద్దున వచ్చి ఊదింది.

కృపాకర్‌కు బెంచీ మీద గంటసేపు కూర్చున్న రోజు గుర్తొచ్చింది. "మరి ఇంగువ?" అన్నాడు.

"ఆ రోజు వంటల ఇంగువ ఎయ్యనే లేదు బిడ్డా."

కృపాకర్‌కు ఏడుపు వచ్చింది. కానీ ఎదురుగా విఠల్‌రావు చాయ్ కారుతున్న చొక్కాతో, రిజిస్టరు గుండెలకు అదుముకుని, దొంగతనం బయటపడ్డవాడిలా నిలబడి ఉన్నాడు. ఆ ముఖం చూసి అతనికి నవ్వు వచ్చేసింది. మొగులయ్య నవ్వాడు. వాగ్దేవమ్మ అయితే ఈయనతో ఇరవై ఎనిమిదేళ్ల కాపురంలో పట్టుబడగా చూడడం ఇదే మొదలని చెప్పి మరీ నవ్వింది. విఠల్‌రావు మాత్రం నవ్వలేదు. ఆఫ్ ఉన్నోడు డిపోలకు రావద్దు, పో, అని గేటు చూపించాడు.

రెండు వారాలు గడిచాయి. ఒక ఆదివారం సాయంత్రం, దుకాణం మూతపడి నెలల తరబడి ఇంట్లోనే ఉంటున్న అమరనాథ్ అనే మనిషిని ఎవరో డిపోకు తీసుకొచ్చారనీ, వరండా దాకా మందు వాసన వచ్చిందనీ సోనీ చెప్పింది. ఆమె చెప్పి కాసేపయ్యాక మేడ మెట్ల మీద అడుగుల చప్పుడు వినపడింది. విఠల్‌రావు నాలుగు మెట్లెక్కి ఆగాడు. రేపు సోమవారం, కృపాకర్ సెలవు రోజు. ఆయన బార్కస్‌ను చూశాడు, గోడను చూశాడు, రెండు సార్లు దగ్గాడు. ముప్పై రెండేళ్లు అందరికీ డ్యూటీ వేసిన మనిషికి ఆ మాట ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. కృపాకర్ ఆయన్ను కష్టపెట్టలేదు.

"ఎన్నింటికి ఊదాలె, సార్?" అని అడిగాడు.

"ఆరింటికి" అన్నాడు విఠల్‌రావు, మెట్లు దిగుతూ. "లేటు చెయ్యకు."