మూడు రోజుల గీత

మా యూనివర్సిటీలో చెట్ల మధ్య ఒక చెక్క గది ఉంది. దాని మేకులు కూడా ఇత్తడివే. లోపలి మాగ్నెటోమీటర్ భూమి అయస్కాంత బలాన్ని రోజంతా గీతగా గీస్తుంది. ఇనుము దగ్గరికొస్తే ఆ గీత చెదురుతుంది. అందుకే తలుపు దగ్గర అటెండర్ ప్లాస్టిక్ డబ్బా పట్టుకుని నిలబడేవాడు.

"మేడం, తాళాలు, ఫోను, జడపిన్నులు ఇండ్ల ఎయ్యిండ్రి. సేఫ్టీ పిన్ను గూడ!"

రీసెర్చి చేసినన్నాళ్లూ ఆ గదిలోకి జుట్టు విరబోసుకునే వెళ్లాను. చెట్ల మధ్య నన్ను చూసినవాళ్లు కొన్ని దెయ్యం కథలు ప్రచారం చేశారని విన్నాను.

ఒక సోమవారం ఆ గీత గభాలున లేచి, తర్వాత గంటలకొద్దీ కిందికి జారింది. మళ్లీ పాత చోటికి ఎక్కేసరికి గురువారం అయింది. ఆ సోమవారానికి రెండు రోజుల ముందు సూర్యుడి మీద పెద్ద పేలుడు జరిగింది. అక్కడినుంచి ఎగిరిన విద్యుత్ కణాల మబ్బు వచ్చి భూమి అయస్కాంత క్షేత్రాన్ని తాకితే గీత ఇలాగే నడుస్తుంది. నా థీసిస్ మొత్తానికి ప్రాణం ఆ ఒక్క పేజీ.

మా గైడ్‌ది అనంతపురం వైపు. గీత వంకరపోయిన రోజులన్నీ తీసేసి, బుద్ధిగా ఉన్న రోజులే ఉంచడం ఆయన పద్ధతి.

"ఏందిమ్మా ఇది? పిన్నులు పెట్టుకోని పోయింటావ్."

"మూడు రోజులు లోపలే ఉన్నానా సార్?"

"అట్లయితే తార్నాక మెట్రో రైలు కరెంటు. తీసెయ్."

"మెట్రో రాత్రి పడుకుంటుంది సార్. ఇది పడుకోలేదు."

వేరే రాష్ట్రంలో ఇలాంటి గీతే గీసే ఒక కేంద్రం నుంచి అవే రోజుల రికార్డు తెప్పించి పక్కన పెట్టాను. అదే లేవడం, అదే జారడం, అవే గంటలు. ఆయన కళ్లజోడు తుడుచుకుని చాలాసేపు చూశారు.

"ఆడ గూడా ఎవురో పిల్ల పిన్నులు పెట్టుకోని పోయింటాది."

"అయితే ఆమెను నాకు పరిచయం చెయ్యండి సార్. ఈ పేజీ మాత్రం తీయను."

"తీయకపోతే నేను సంతకం పెట్టను."

"పెట్టకండి సార్."

ఆ పేజీని ఫైల్లో పెట్టుకుని తార్నాకలో మా హాస్టల్ దాకా నడిచి వచ్చాను.

సంతకం లేకుండానే ఒక సెమిస్టర్ గడిచింది. ఈలోగా సూర్యుడి మీద మరో రెండు పేలుళ్లు జరిగాయి; రెండుసార్లూ మా గీత అలాగే లేచి జారింది. ఆ రెండు గీతలను కూడా అదే చాప్టర్‌లో చేర్చి, తీసుకెళ్లి మళ్లీ సార్ బల్ల మీద పెట్టాను.