సూరీడమ్మ పిన్ని చూసిన జపాను బొమ్మలు

మే నెల మధ్యాహ్నం. కూలరులో నీళ్లు పోసి స్విచ్ వేయగానే తడిసిన గడ్డి వాసన ఇల్లంతా పరుచుకుంది. అదే సమయానికి పక్కగదిలో స్నేహ టీవీ పెట్టింది. స్నేహ మా చెల్లెలి కూతురు, బొకారో నుంచి చదువుకోడానికి ఈమధ్యనే మా ఇంటికి వచ్చింది. ఆ పిల్ల పెట్టింది జపాను వాళ్ల బొమ్మల సీరియల్. అందులోనూ వేసవికాలమే కాబోలు, కీచురాళ్లు ఆగకుండా అరుస్తున్నాయి. ఆ వాసనా ఆ అరుపూ కలిసేసరికి నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. కోహ్కా పేటలోని ఈ ఇంటికి ఒక్క గోడ అవతల, సూరీడమ్మ పిన్ని ముందుగదిలో, నాలుగేళ్లపాటు నా మధ్యాహ్నాలన్నీ ఇలాగే గడిచాయి.

నన్ను చూసి స్నేహ పకపకా నవ్వింది. "మామయ్యా, మీరు రాసిన కార్టూన్ పిన్ని మన పక్కింట్లోనే ఉండేదట కదా! రైలు ఎటు పోయిందా అని టీవీ వెనకాల వెతికిందట! అత్తయ్య పాత పత్రిక తీసి చదివి వినిపించింది. మా ఫ్రెండ్స్‌కి చెప్తే పడీపడీ నవ్వారు, సబ్ హస్ హస్ కే పాగల్ హో గయే."

ఈ పత్రికలోనే ఆ కథ రాసింది నేనే. అది అబద్ధం. ఈ నాలుగు మాటలూ రాయడానికి కారణం అదే.

సూరీడమ్మ పిన్నిని మీలో కొత్తవాళ్లు చూసి ఉండరు. బొబ్బిలి దగ్గర పల్లెలో పుట్టి, పెళ్లయ్యాక ఇక్కడి ప్లాంటు కాలనీలో సెక్టర్ 2 క్వార్టరుకు కాపురానికి వచ్చిన మనిషి. ఏడో తరగతి చదువు. భర్త స్టీల్ ప్లాంటులో రైలు పట్టాలు తయారయ్యే మిల్లులో పనిచేస్తూ జబ్బుచేసి పోతే, ఆయన బదులు ఈవిడకు ఉద్యోగం ఇచ్చారు. పట్టాల తనిఖీలో వేశారు. చల్లారిన పట్టా రోలర్ల మీద కదిలి వస్తుంటే వంగి, ఒక కన్ను మూసి, చివరినుంచి చివరికి చూపు పరిచి చూడాలి. గీత ఉన్నా, సొట్ట ఉన్నా, వంపు ఉన్నా అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టాలి. ఇరవై ఆరేళ్లు ఆవిడ చేసిన పని ఇది. ఆ మిల్లు మోతకు చెవులు సగం పోయాయి. రిటైరయ్యాక మా పక్కనే రెండు గదులు వేసుకుంది.

నేను హథ్‌ఖోజ్ పారిశ్రామికవాడలో ఒక చిన్న ఇంజనీరింగు యూనిట్లో ఉద్యోగిని. మొదటి షిఫ్టు అయిపోయి రెండున్నరకల్లా ఇంటికి చేరేవాణ్ని. బడిలో టీచరుగా చేసే నా భార్య అయిదు దాటితేగాని వచ్చేది కాదు. ఒకరోజు పిన్ని గోడ మీదనుంచి కేకేసింది. "శంకరం, ఈ బొమ్మలాటలో కింద ఇంగ్లీషులో ఏటో రాస్తన్నాడు. కాస్త సదివి సెప్తావేటి?"

వెళ్లి చూస్తే, రాయపూర్‌లో ఉండే కూతురు పెట్టించి ఇచ్చిన టీవీలో జపాను సీరియల్ నడుస్తోంది. మాటలు వినపడక, అక్షరాలు చదవలేక, వట్టి బొమ్మల్నే చూస్తూ అప్పటికే ఒక సీరియల్ మొత్తం చూసేసిందట. రెండుచోట్ల మాత్రమే అనుమానం మిగిలిందట.

"ఇవి పిల్లల బొమ్మలు పిన్నీ," అన్నాను.

"పిల్లలకయితే ఇంత ముసలి సెయ్యి ఎందుకు గీసినాడు? ఇటు సూడు," అని బొమ్మను ఆపింది.

తెరమీద ఒక ముసలమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. బొటనవేలి కణుపు వాచి ఉంది. కాయ నొక్కేటప్పుడు ఆ వేలు నొప్పికి కాస్త పక్కకు తప్పుకుంటోంది. నేను ఆ వేలు చూడనేలేదు. కింద ముసలమ్మ మాట చదువుకుంటున్నాను.

ఆ రోజునుంచి అదే పద్ధతి. ఆవిడ టీవీకి దగ్గరగా పీట వేసుకుని కూర్చునేది. నేను వెనక కుర్చీలో కూర్చుని, కింద పడే ఇంగ్లీషును తెలుగు చేసి గట్టిగా అరిచేవాణ్ని. రిమోటు ఆవిడ చేతిలో ఉండేది. ఎక్కడ ఆపాలో ఆవిడ ఇష్టం. ఒక్కోసారి ఇరవై నిమిషాల భాగం చూడడానికి గంట పట్టేది. "నువ్వు అడుగునున్న అచ్చరాలు సూస్తన్నావు, నాను పైన బొమ్మ సూస్తన్నాను. ఇద్దరం కలిస్తే ఒక మనిసి," అని నవ్వేది.

ఇనుప రాక్షసులు యుద్ధం చేసే సీరియళ్లు రెండు చూశాం. నాకు రెండూ ఒకటే గోలగా అనిపించాయి. మొదటిదాన్ని పిన్ని రెండు భాగాలకే తీసిపారేసింది. "రిజెక్ట్. రేకు డబ్బాలు. గెంతితే నేలకి ఏటీ అవలేదు." రెండోదానికి మాత్రం ముందుకు వంగింది. అందులో యంత్రం అడుగు వేసే ముందు ఒక్క క్షణం తటపటాయిస్తుంది. అడుగు పడ్డాక పక్కనున్న నీటిగుంటలో నీళ్లు వణుకుతాయి. "ఇది ఇనుము. బరువున్నాది. ఈ బొమ్మేసినోడు జలమలో ఎప్పుడో బరువెత్తినాడు," అంది. మంత్రశక్తులున్న అమ్మాయిల సీరియల్ అయితే ఆవిడకు అసలు పడేది కాదు. పిల్ల తిరిగి తిరిగి దేవతగా మారేచోట, "సూడు, నిన్నేసిన బొమ్మే ఇయ్యాలా ఏసీసినాడు. రంగు కూడా మార్చలేదు. దొంగ!" అనేది. పోల్చి చూస్తే నిజమే, గీతకు గీత అదే.

కానీ పొదుపుకీ దొంగతనానికీ తేడా ఆవిడకు బాగా తెలుసు. బడిపిల్లలు టిఫిను డబ్బాలు పంచుకునే ఒక నెమ్మదైన సీరియల్లో, మనుషులు మాట్లాడుతుంటే పెదవులు తప్ప ఏదీ కదలదు. బొమ్మలు వేయడానికి బద్ధకించారని నేనన్నాను. "కాదు. ఇక్కడ దాచుకుని ఎక్కడ కరుసు పెడతాడో సూద్దుం, ఆగు," అంది. చివర్లో ఒక పిల్ల, రాని స్నేహితురాలి డబ్బాకు మళ్లీ మూత పెట్టి గుడ్డ ముడి వేస్తుంది. ఆ ముడి వేసే వేళ్లు ఎంత వివరంగా కదిలాయంటే నేను కింది అక్షరాలు చదవడం మరిచిపోయాను. పిన్ని వెనక్కి తిరిగి, "కరుసెట్టీసినాడు," అంది, తనే వేసినంత గర్వంగా.

అన్నిటికన్నా నన్ను మార్చింది ఒక తండ్రీకూతుళ్ల కథ. తల్లి పోయాక ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు. తండ్రి నెల తిరక్కుండానే మామూలుగా పనికి పోతాడు. కూతురు రెండేళ్లయినా తల్లి చెప్పులు గుమ్మంలోనుంచి తీయనివ్వదు. అతను కఠినుడని నేను తిట్టాను. పిన్ని బొమ్మను ఆపి నా వైపు తిరిగింది.

"పట్టా ఏడిగా వస్తాది సూడు, దాని తల మందం, అడుగు పల్చన. ఒక్క ఏడిలోంచే వచ్చినా రెండూ ఒక్కసారి చల్లారవు. అందుకే వంగుతాది. అది ఎవులి తప్పూ కాదు. ఈళ్లిద్దరూ అంతే. ఒకలు ముందు చల్లారిపోనారు. అందుకని ఇల్లు వంగింది."

ఆ మాట విన్న రాత్రి నేను మా అన్నయ్యకు ఫోను చేశాను. మా నాన్న పోయినప్పుడు అన్నయ్య ఏడవలేదని మూడేళ్లుగా మేం మాట్లాడుకోవడం లేదు. ఇలా ఆవిడ మాటలు నా సంసారంలోకి కూడా వచ్చాయి.

అప్పట్లోనే ఇక్కడి తెలుగు సంఘం వాళ్లు మూణ్నెల్లకోసారి తెచ్చే ఈ పత్రికకు ఏదైనా రాయమని అడిగారు. జపాను బొమ్మల మీద నా అభిప్రాయాలు రాశాను. నా అభిప్రాయాలు అన్నాను గానీ, వేలి కణుపూ, ఇనుము బరువూ, ముడి వేసే వేళ్లూ, చల్లారే పట్టా, అన్నీ వరసగా నా పేరు కింద పెట్టాను. మరీ గంభీరంగా ఉందేమోనని అనుమానం వచ్చి, మధ్యలో నవ్వు కోసం పక్కింటి పిన్నిని తెచ్చాను.

జరిగింది ఇది. ఒక సీరియల్లో కొండల మధ్య చిన్న రైలు. అది వంపు తిరిగి వెళ్లిపోయాక ఖాళీ పట్టాలు కాసేపు తెరమీద ఉంటాయి. పిన్ని పీట మీదనుంచి లేచి, టీవీ పక్కకు వెళ్లి, చెంప తెరకు ఆనించి, ఒక కన్ను మూసి చూసింది.

"ఏం చేస్తున్నారు పిన్నీ?"

"ఒంపులో బయట పట్టాకి లోపలంచు అరుగుతాది. అరిగినకాడ మెరుస్తాది. ఈడు ఆ మెరుపు సరిగ్గా లోపలంచునే గీసినాడు. ఎవులు సూస్తారని గీసినాడు, శంకరం? ఎవులూ సూడరు. అయినా గీసినాడు." ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి.

నేను రాసింది ఇది: వంపులో మెరుపును నేను కనిపెట్టాను. పక్కింటి ముసలావిడ మాత్రం తెరకు చెంప ఆనించి, ఒక కన్ను మూసి చూసి, రైలు ఎటుపోయిందా అని టీవీ వెనక వెతుక్కుంది.

జనం విరగబడి నవ్వారు. మెరుపు గురించి నన్ను మెచ్చుకున్నారు. 'కార్టూన్ పిన్ని' అన్న పేరు నేను పెట్టలేదు, కానీ దానికి కావలసినదంతా నేనే ఇచ్చాను.

వారం తరవాత వెళితే పిన్ని ఒళ్లో పత్రిక ఉంది. తెలుగు ఆవిడ కూడబలుక్కుని చదువుతుంది.

"మొత్తం సదివీసినాను. నాలుగు రోజులు పట్టింది. నా మాటలు నీ పేరున ఏసుకున్నావు. ఏసుకో, నాకేటి. నాకన్నా బాగా సెప్పినావు. గానీ మధ్యన నన్ను కోతినెందుకు సేసినావు, నాయినా?"

"సరదాకి పిన్నీ. నవ్వుంటే జనం చదువుతారని..."

"డూటీలో ఎక్కిన కొత్తల్లో నాను ఒంగి సూస్తే నవ్వినోల్లే అందరూ. ఆడదానికి పట్టాల సంగతి ఏటి తెల్తాదని. ఆ నవ్వు ఆగడానికి పదేళ్లు పట్టింది. నువ్వు ఒక్క కాయితంతో మళ్లీ మొదలెట్టీసినావు."

"వచ్చే సంచికలో సరిచేస్తాను," అన్నాను.

"సెయ్యి. కాయితం మీద పడ్డ తప్పు నోటితో పోదు," అంది. తరవాత రిమోటు తీసింది. "కూకో. నిన్నటిది సగంలో ఉండిపోనాది."

తీరా ఆ సంచికలో నేను వేరే సీరియల్ గురించి రాశాను. సరిచేస్తే మెరుపు కూడా నాది కాదని చెప్పాలి కదా. ఆ తరవాతి సంచికకు పనుల ఒత్తిడి అనుకున్నాను. ఆ తరవాత అందరూ మరిచిపోయి ఉంటారులే అనుకున్నాను. ఎవరూ మరిచిపోలేదు. సంఘం పిక్నిక్‌లో ఎవరో పిల్లలు ఆవిడ ముందే చెంప గోడకు ఆనించి ఒక కన్ను మూసి ఆడారు. ఆ తరవాత ఆవిడ సంఘానికి రావడం మానేసింది.

నన్ను మాత్రం రావద్దనలేదు. పీటా, కుర్చీ, రిమోటు అలాగే ఉన్నాయి. కానీ ఆవిడ బొమ్మ ఆపడం తగ్గించింది. అద్భుతమైన చోటు ఏదో వచ్చిందని ఆవిడ వీపు నిటారు కావడాన్ని బట్టి నాకు తెలిసేది. "ఏం చూశారు పిన్నీ?" అని అడిగేవాణ్ని.

"ఏటీ లేదు. నువ్వు సదువు."

ఆపైన నేను రాసిన వ్యాసాల్లో కథ తప్ప ఏమీ లేదు. కిందపడే అక్షరాలు చదివే మనిషి రాసినవి అవి.

ఆ వ్యాసం వచ్చిన మూడో ఏడు చలికాలంలో పిన్ని రాయపూర్‌లో కూతురింట్లో పోయింది. సంఘం వాళ్లు సంతాపానికి కూడిన చోట వెనక వరసలో ఎవరో, "ఎవరూ, కార్టూన్ పిన్నా? అరెరె," అన్నారు. ఆ అరెరెలో చిన్న నవ్వు ఉంది. నేను వాళ్ల పక్కనే కూర్చున్నాను. అక్కడా సరిచేయలేదు.

ఇదంతా మొన్న స్నేహకు చెప్పాను. ఆ పిల్ల టీవీ ఆపేసి విన్నది.

"ఆవిడకి తెలుసా మామయ్యా, మీరు రాసింది?"

"తెలుసు."

"ఫిర్ భీ! అయినా మీకు టీవీ పెట్టిందా?"

పెట్టింది.

ఇదంతా అచ్చు వేయమని పత్రిక సంపాదకుడికి ఫోను చేస్తే, "పోయినావిడ సంగతి ఇప్పుడెందుకండీ? జనం సరదాగా గుర్తుపెట్టుకున్నారు. మీ పేరూ పోతుంది," అన్నారు. వేయకపోతే సంఘం సభలో నిలబడి చదువుతానన్నాను. ఒప్పుకున్నారు.

కాబట్టి పాత సంచికలు ఇంట్లో ఉన్నవాళ్లు దయచేసి సరిచేసుకోండి. ముసలి చేతి కణుపును చూసింది సూరీడమ్మ గారు. ఇనుముకు బరువుందని పట్టుకున్నది ఆవిడ. ఒకే వేడిలోంచి వచ్చిన ఇద్దరు వేరువేరుగా చల్లారతారని చెప్పింది ఆవిడ. వంపులో పట్టా లోపలి అంచున మెరుపును చూసి, ఊరూ పేరూ తెలియని ఒక జపాను బొమ్మలవాడి కోసం కళ్లనీళ్లు పెట్టుకున్నది ఆవిడ. టీవీ వెనక ఎవరూ దేనికోసమూ వెతకలేదు.

ఆ వ్యాసాల్లో అచ్చంగా నేను కల్పించి రాసింది ఆ ఒక్క నవ్వే. మిగిలినవన్నీ ఆవిడకు తిరిగి ఇచ్చేశాను. అది మాత్రం నా దగ్గరే ఉంది.